మా ఆయన ఊపిరి లెక్క

"నూటికి పద్దెనిమిది, బామ్మగారూ," అంది లెక్కలమ్మాయి, తెర మా వైపు తిప్పుతూ.

మా అమ్మాయి వెంటనే నోటుబుక్కులో రాసుకుంది. బళ్ళో పాఠాలు చెప్పే మనిషి, ఏది విన్నా రాసుకోనిదే ఊరుకోదు. మా ఆయన మాత్రం కళ్ళజోడు సర్దుకుని, "అంటే పాసయినట్టా, తప్పినట్టా?" అని అడిగారు.

"ఇక్కడ ఎంత తక్కువొస్తే అంత మంచిది తాతగారూ."

"ఆ సంగతి ముందే చెప్పొద్దూ. ఆ లెక్కన బళ్ళో ఉన్నన్నాళ్ళూ నేనే ఫస్టు."

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. మేమూ నవ్వాం. మూడు వారాల్లో మా ఇంటి మనుషులు నవ్వడం అదే మొదలు.

మా ఆయన కుడి ఊపిరితిత్తిలో అడుగున నిమ్మకాయంత గడ్డ ఉందని తేలి అప్పటికి మూడు వారాలైంది. కోసి తీసేద్దామంటే, ఇంత బలహీనమైన తిత్తులతో ఆపరేషను బల్ల మీది నుంచి లేవడం కష్టమని కోత డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఇక మిగిలింది రేడియేషను. మా వయసు వాళ్ళం దాన్ని కరెంటు పెట్టడం అంటాం. ఆరు వారాలు, వారానికి అయిదు రోజులు, రోజూ కాసేపు. గడ్డ కాలిపోతుంది, బాగానే ఉంది. చిక్కల్లా, ఆ కిరణాలు గడ్డ దగ్గరికి చేరాలంటే మంచి తిత్తిలోంచే పోవాలి. పోతూ పోతూ దానికీ కాస్త సెగ తగిలిస్తాయి. కొందరికి ఏమీ కాదు. కొందరికి నెలకో, మూడు నెలలకో, ఆరు నెలలకో ఆ మంచి తిత్తి వాచిపోతుంది. దగ్గు, జ్వరం, నాలుగడుగులు వేస్తే ఆయాసం. కొందరికి మాత్రలతో తగ్గుతుంది. తగ్గకపోతే ముక్కుకి గొట్టం తగిలించుకుని సిలిండరు పక్కన బతకాలి. అలా కూడా బతకని వాళ్ళున్నారని కరెంటు డాక్టరుగారు దాచకుండా చెప్పారు.

ఎవరి తిత్తి వాస్తుంది, ఎవరిది వాయదు అన్నది ముందుగానే అంచనా కట్టడం ఈ లెక్కలమ్మాయి పని. మంచి తిత్తిలో ఎంత మేరకు ఎంత కరెంటు తగులుతుంది, మనిషి వయసెంత, పొగ ఎన్నేళ్ళు తాగాడు, ఇప్పటికి ఊపిరి ఎంత ఉంది, అన్నీ కంప్యూటర్లో వేస్తుంది. ఇలాంటివాళ్ళు వంద మంది ఉంటే అందులో ఇంతమందికి వాపు వస్తుందని చెబుతుంది. మా ఆయన బతుకంతా ఆ అంకె మీద నిలబడి ఉంది. ఎందుకంటే డాక్టరుగారు మొదటి రోజే గీత గీసేశారు.

"ముప్ఫై దాటితే పూర్తి మోతాదు ఇవ్వను. తగ్గించి ఇస్తాను. అప్పుడు గడ్డ చిన్నదవుతుంది గాని చావదు. ఏడాదికో ఏడాదిన్నరకో మళ్ళీ లేస్తుంది," అన్నారు. ఆయన మాట పొదుపు మనిషి. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

అందుకే పద్దెనిమిది అనేసరికి మాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సంతోషంతో లేచి ఇంటికి పోవలసింది. కాని నాకు నోరు ఊరుకోదు, కన్ను అంతకన్నా ఊరుకోదు. తెర మీద అంకె కింద ఒక పచ్చ గీత ఎగుడుదిగుడుగా పాకుతోంది. అదేమిటమ్మా అని అడిగాను.

"అది తాతగారి ఊపిరండీ. స్కాను తీసేటప్పుడు పొట్ట మీద చిన్న డబ్బా పెడతాం. ఊపిరికి అది లేస్తూ పడుతూ ఉంటే కెమెరా చూసి గీత గీస్తుంది. ఊపిరితో పాటు లోపల గడ్డ కూడా కదులుతుంది కదా, ఎంత కదులుతోందో మాకు తెలియాలి. తాతగారిది దాదాపు కదలనే లేదు. ఇంత నెమ్మదైన పేషెంటుని నేను చూడలేదు."

నేను వంగి చూశాను. గీత లేస్తోంది, బల్ల పరిచినట్టు ఆగిపోతోంది, దబ్బున పడి గబగబా లేస్తోంది, మళ్ళీ బల్ల పరుస్తోంది.

"ఇది మా ఆయన ఊపిరి కాదమ్మా," అన్నాను.

మా అమ్మాయి నా మోచేయి గిల్లింది. "అమ్మా, వాళ్ళ పని వాళ్ళకి తెలుసు. నువ్వు కాసేపు ఊరుకో."

"నలభై ఎనిమిదేళ్ళు ఆ ఊపిరి పక్కన పడుకున్నది నేనే. మీ నాన్న ఊపిరి రంపం కోత. దుప్పటి జానెడు లేస్తుంది, జానెడు పడుతుంది. ఇలా బల్ల పరిచినట్టు ఎప్పుడుంటుందో తెలుసా? ఫోటో తీసేటప్పుడు."

మా ఆయన ఫోటో స్టూడియో నడిపారు. నలభై నాలుగేళ్ళు అదే పని. ఆయన పని నేర్చుకున్న రోజుల్లో కెమెరా అంటే మూడు కాళ్ళ మీద నిలబెట్టిన కొయ్య పెట్టె. నల్లగుడ్డ కింద దూరి, తల బయటపెట్టి, "కదలకండి" అని మీట నొక్కాలి. ఊపిరి తీస్తే చెయ్యి వణుకుతుంది, చెయ్యి వణికితే మనిషికి రెండు ముక్కులొస్తాయి. అందుకని గురువు మొట్టమొదట నేర్పింది ఊపిరి బిగపట్టడం. ఆ తరవాత రెప్పపాటులో ఫోటో తీసే కెమెరాలొచ్చాయి, ఈయన ఊపిరికి మాత్రం ఆ కబురు అందలేదు. చివరికి ఎదుటివాళ్ళు తనని తీసినా అంతే. మనవరాలు ఫోను పైకెత్తితే చాలు, ఛాతీ పొంగించి కొయ్యబారిపోతారు. మా ఇంట్లో ఆయన ఫోటోలన్నిటిలోనూ అప్పుడే నీళ్ళలోంచి తేలిన మనిషిలా ఉంటారు.

ఆయన వైపు తిరిగాను. "ఏవండీ, నిజం చెప్పండి. ఆ యంత్రంలో పడుకుని ఏం చేశారు?"

"ఏం చేస్తాను, చెప్పినట్టే చేశాను."

"మామూలుగా ఊపిరి తీసుకోమని మైకులో చెప్పాం కదా తాతగారూ," అంది లెక్కలమ్మాయి.

"తీసుకున్నానమ్మా. యంత్రం గుర్రుమని ఫోటో తీసేటప్పుడు మాత్రం ఆపాను. అది ఆగగానే మళ్ళీ తీసుకున్నాను. అవతల ఒకరు కష్టపడి ఫోటో తీస్తుంటే కదలడం మర్యాదేనా? ఫోటో చెడిపోతే ఆ కడుపుమంట ఎలా ఉంటుందో నాకు తెలుసు."

ఆ పిల్ల మొహంలో నవ్వు ఆరిపోయింది. కుర్చీ ముందుకి లాక్కుని, యంత్రం నడిచిన వేళలు ఒక పక్క, ఊపిరి గీత ఒక పక్క పెట్టి చూసింది. యంత్రం నడిచిన ప్రతిసారీ గీత బల్ల పరిచే ఉంది.

"పద్దెనిమిది తప్పు," అంది మెల్లిగా. "తిత్తిలో గాలి బిగించి ఉన్నప్పుడు కొలిచాం. గడ్డ కదలదు కదా అని దాని చుట్టూ సన్నగా అంచు గీశాను. రేపు కరెంటు పెట్టేటప్పుడు మామూలుగా ఊపిరి తీస్తే గడ్డ ఆ గీత దాటిపోతుంది, మంచి తిత్తి లోపలికొస్తుంది. నేను చూసుకోవలసింది బామ్మగారూ. నెమ్మదైన పేషెంటని మురిసిపోయాను."

"నీకెలా తెలుస్తుందమ్మా. ఆయనతో కాపురం చేసింది నేను కదా," అన్నాను.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ స్కాను. అక్కడ మొదలైంది అసలు తంటా. యంత్రం గుర్రుమనడం, ఈయన ఛాతీ ఆగిపోవడం. "ఆపకండి తాతగారూ," అంటే కొలిమితిత్తిలా బుస్సుబుస్సుమని లాగడం. రెండూ పనికిరావు. మూడోసారి కూడా అలాగే అయ్యేసరికి లెక్కలమ్మాయి తల పట్టుకుంది.

"ఊపిరి సంగతి ఆయన మరిచిపోవాలి. గుర్తున్నంతసేపూ ఇంతే."

"మరిపించడమే కదా. ఆ మైకు ఇలా ఇవ్వు."

గాజు తలుపు ఇవతల కూర్చుని, మైకు దగ్గరికి లాక్కుని, "ఏవండీ, వంతెన ఇంజనీర్ల గ్రూపు ఫోటో జ్ఞాపకం ఉందా?" అన్నాను.

లోపలి నుంచి, "ఇప్పుడెందుకే అది?" అని వినబడింది.

"కెమెరా మూత తీయకుండా ఫోటో తీశారే, అది."

"మూత నేను తీశాను. నువ్వే మళ్ళీ పెట్టావు."

"నా రెండు చేతుల్లో గొడుగుంది. మీరు మాట్లాడకండి, వినండి."

"నలభై ఎనిమిదేళ్ళుగా చేస్తున్నది అదేగా," అని నోరు మూసుకున్నారు.

ఇక నేను అందుకున్నాను. నూటపన్నెండు మంది, మూడు వరసలు, వెనకవరసకి బెంచీలు. ముందు వరసలో పొట్టి చీఫ్ ఇంజనీరు, ఆయన కాళ్ళ కింద ఎవరికీ కనబడకుండా ఇటుక. రెండో వరసలో తుమ్ము ఆపుకోలేని గుమాస్తా. మండుటెండలో అందరూ చెమటలు కక్కుతుంటే ఈయన "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని మూడుసార్లు నొక్కారు. మూడుసార్లూ మూత అలాగే ఉంది. చివరికి గొడుగు పట్టుకున్న నేను చూసి చెవిలో చెబితే, ఏమీ ఎరగనట్టు మూత తీసి, "మీ నవ్వులు ఇప్పుడు బాగున్నాయి, ఆఖరిది తీద్దాం," అన్నారు. నూటపన్నెండు మందీ నమ్మారు.

లోపల ఆయన ఉడికిపోతున్నారు. నాకు ఎలాంటి సమాధానం చెప్పాలా అని కూడగట్టుకుంటున్నారు. యంత్రం గుర్రుమంటోంది, ఆయనకి వినబడటం లేదు. తెర మీద గీత పళ్ళున్న రంపంలా పైకీ కిందికీ పరుగెత్తింది.

"వచ్చింది, వచ్చింది. ఆపకండి బామ్మగారూ," అంది లెక్కలమ్మాయి నా భుజం పట్టుకుని. పుట్టి బుద్ధెరిగాక నన్ను మాట్లాడటం ఆపొద్దన్న మనిషి ఆ పిల్ల ఒక్కతే.

రెండు రోజులకి కొత్త అంకె వచ్చింది. ఈసారి చెప్పింది డాక్టరుగారు.

"ఊపిరికి గడ్డ వేలి కణుపంత కదులుతోంది. అది కదిలినంత మేరా కరెంటు పెట్టాలి. నూటికి ముప్ఫై ఏడు. పూర్తి మోతాదు కుదరదు."

బయటి వసారాలో బెంచీ మీద కూర్చున్నాం. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "నువ్వు ఆ రోజు నోరు మూసుకుని ఉంటే పద్దెనిమిదే ఉండేదమ్మా. ఈ పాటికి మొదలుపెట్టేవాళ్ళు," అంది. అనేసి నాలిక కరుచుకుంది.

"కాగితం మీద పద్దెనిమిదని రాస్తే తిత్తికి తెలుస్తుందా? అది ముప్ఫై ఏడు లెక్కనే వాచేది. మనకే తెలిసేది కాదు," అన్నాను.

మా ఆయన బస్సు వేళ చెప్పినంత మామూలుగా, "అయితే మనకి ఏడాదిన్నర ఉందన్నమాట," అన్నారు. అంటూ నా చేతి మీద చెయ్యి వేశారు.

అంతలో వసారా చివర నుంచి లెక్కలమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. జుట్టు ముడిలో పెన్ను దోపుకుని ఉంది, ఇంకో పెన్ను కోసం జేబులు తడుముకుంటోంది.

"తాతగారూ, మీరు ఎంతసేపు ఆపగలరు?"

"ఏమిటి ఆపేది?"

"ఊపిరి."

మా ఆయన ఆలోచించి, "పాస్‌పోర్టు ఫోటోకా, గ్రూపు ఫోటోకా?" అన్నారు.

ఆ పిల్ల నేల మీదే చతికిలపడి చేతులతో చూపించింది. నిండా ఊపిరి పీల్చి బిగిస్తే తిత్తి గొడుగులా విచ్చుకుంటుంది. మంచి కండ పలచబడి గడ్డకి దూరంగా జరుగుతుంది, కిరణాల దారిలో తక్కువ పడుతుంది. గడ్డ కూడా కదలకుండా ఒక్కచోట నిలుస్తుంది. ఊపిరి ఆపినంతసేపే యంత్రం కరెంటు పెడుతుంది, వదలగానే ఆగిపోతుంది. రొమ్ము క్యాన్సరు వచ్చినవాళ్ళకి అక్కడ అలాగే చేస్తారట. జబ్బుపడ్డ తిత్తులతో, ఈ వయసులో, పది సెకన్లు కూడా ఎవరూ ఆపలేరని మా ఆయన్ని అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

"ఎంతసేపు ఆపాలి?" అని మా అమ్మాయి అడిగింది. ఏడుపు మానేసి నోటుబుక్కు తెరిచేసింది.

"ఇరవై సెకన్లు. ప్రతిసారీ ఒకే ఎత్తున. అదే కష్టం."

మా ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళ ముందు చిన్న తెర పెట్టారు. ఊపిరితో పాటు ఒక పట్టీ లేస్తుంది, దాన్ని పచ్చ గడిలో నిలబెట్టాలి. ఈయన పీల్చారు, నిలబెట్టారు. ఇరవై ఆరు సెకన్లు. మళ్ళీ ఇరవై ఆరు. పదిసార్లు చేయించారు. పదిసార్లూ ఆ పట్టీ మేకు కొట్టినట్టు అక్కడే ఉంది. యంత్రం నడిపే అతను పక్క గదిలోంచి ఇంకొకరిని పిలుచుకొచ్చాడు, వాళ్ళు మరొకరిని. గాజు తలుపు దగ్గర ఆరుగురు గుమిగూడి చూస్తున్నారు.

"ఎవరికీ ఇంత తిన్నగా రాదు. మాకు కూడా రాదు," అన్నాడతను.

"రెప్ప కూడా వేయకుండా ఆపాలంటే చెప్పండి," అన్నారు మా ఆయన లోపలి నుంచి.

మూడో స్కాను, మళ్ళీ లెక్కలు. ఆ పిల్ల ఒకటికి రెండుసార్లు వేసింది. డాక్టరుగారు కూడా కూర్చుని మొదటి నుంచీ సరిచూశారు. పదహారు వచ్చింది. డాక్టరుగారు అంతటితో నమ్మలేదు, ఊపిరి గీత తెర మీద పెట్టించి, లెక్కలమ్మాయిని కాదు, నన్ను అడిగారు.

"మీరు చెప్పండి బామ్మగారూ. ఇది నిజమైన గీతేనా?"

వంగి, కళ్ళజోడు పైకి జరిపి, ఈ చివర నుంచి ఆ చివరికి చూశాను.

"ఫోటో ఊపిరే డాక్టరుగారూ. రోజూ ఇలాగే తీస్తారు. దీనికి నాది పూచీ."

"అయితే పూర్తి మోతాదు. సోమవారం మొదలు," అని లేచారు.

ముప్ఫై రోజులు వెళ్ళాం. రోజుకి తొమ్మిదిసార్లు ఊపిరి ఆపాలి. మైకులో వాళ్ళు "పీల్చండి" అంటే, ఈయన "మీరు రెడీయా?" అని అడిగి మరీ పీల్చేవారు. నాలుగో వారానికి గొంతు పుండై మంచినీళ్ళు కూడా మింగలేకపోయారు. చొక్కాలు వదులయ్యాయి. ఇరవై మూడో రోజు ఆపిన ఊపిరి మధ్యలో దగ్గొచ్చింది, యంత్రం టక్కున ఆగింది. అయిదు నిమిషాలు లేచి కూర్చుని, మళ్ళీ పడుకుని, ఆ ఒక్కటీ పూర్తిచేశారు. ముప్ఫయ్యో రోజు యంత్రం నడిపే అతను చేతులు కలిపి, "మీ దగ్గర నేర్చుకోవలసింది ఉంది తాతగారూ," అన్నాడు. మా ఆయన కాలరు సర్దుకున్నారు.

అప్పటి నుంచి ఆరు నెలల కాపలా. గడ్డ కాలడం ఒక ఎత్తు, తిత్తి వాయకపోవడం ఒక ఎత్తు. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, ఎదురుగా కూర్చుని గుండీల వంక చూసేదాన్ని. "నన్ను చూస్తున్నావా, నా చొక్కా చూస్తున్నావా?" అని ఒంటికన్నుతో అడిగేవారు.

మూడో నెలలో దగ్గు మొదలైంది. రెండో రోజుకి ఒళ్ళు వెచ్చబడింది. మా అమ్మాయి బడికి సెలవు పెట్టి ఆటో తెచ్చింది. నూటికి పదహారు మంది అంటే పదహారు మంది ఉంటారు కదా, వాళ్ళలో ఈయనొకరు కాకూడదని రాసి ఉందా అని దారి పొడుగునా అనుకుంటూ కూర్చున్నాను. స్కాను తీశారు. లెక్కలమ్మాయి బయటికొచ్చి, "తిత్తి శుభ్రంగా ఉంది. ఇది ఉత్త జలుబు," అంది. మా అమ్మాయి ఆ పిల్లని వాటేసుకుంది. జలుబుకి ఇంత సంబరపడ్డ కుటుంబాన్ని తను ఎరగనన్నారు మా ఆయన, తుమ్మి.

ఆరో నెల నిండింది. డాక్టరుగారి గది మూడో అంతస్తులో. లెక్కలమ్మాయి కింది నుంచి ముందే వచ్చి నిలబడి ఉంది. డాక్టరుగారు పాతదీ కొత్తదీ రెండు ఫిల్ములూ వెలుతురు పలక మీద పక్కపక్కన పెట్టారు. నిమ్మకాయంత గడ్డ ఉన్నచోట వేలిముద్రంత మచ్చ.

"అది కాలి మానిన గుర్తు. గడ్డ లేదు," అన్నారు. తరవాత వేలు చుట్టూ తిప్పారు. "వాపూ లేదు. ఇక వచ్చే కాలం కూడా దాదాపు దాటిపోయింది."

మాట పొదుపు మనిషి, అయినా ఆ రోజు ఇంకా చెప్పారు. మా ఆయన తరవాత తిత్తి గడ్డలున్న నలుగురికి ఇలాగే ఊపిరి ఆపించి కరెంటు పెట్టారట, నలుగురి అంకెలూ దిగాయట. స్కానుకి ముందు నింపే కాగితంలో లెక్కలమ్మాయి కొత్త ప్రశ్న ఒకటి చేర్చిందట, మీరు ఇన్నాళ్ళూ ఏం పని చేశారని. పోయిన నెల ఈత నేర్పే ఆయనొకరు దొరికారని ఆ పిల్ల చెప్పింది.

"నాకంటే ఎక్కువసేపు ఆపాడా?" అన్నారు మా ఆయన.

"ముప్ఫై ఒకటి."

"నీళ్ళలో ఎవరైనా ఆపుతారు. బయట ఆపాలి," అని గొణుక్కున్నారు.

లిఫ్టు దగ్గర జనం ఉంటే మెట్ల మీంచి కిందికి వచ్చేశాం. మా అమ్మాయి ఆటో కోసం గేటు దాకా వెళ్ళింది. అప్పుడు గుర్తొచ్చింది ఈయనకి, ఫిల్ముల కవరు డాక్టరుగారి బల్ల మీదే మరిచారని. నేను వద్దనేలోపే మెట్ల వైపు వెళ్ళిపోయారు.

నేను వెయిటింగు హాల్లో కూలబడ్డాను. పక్క కుర్చీలో ఒకావిడ, చేతిలో కొత్త ఫైలు. వాళ్ళాయనకి తిత్తిలో గడ్డట, వచ్చే వారం కరెంటు మొదలట. ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. మా వారికీ అదే పెట్టారని చెప్పాను. ఎప్పుడైందని ఆవిడ అడిగింది. ఆరు నెలలైందన్నాను. ఆవిడ చుట్టూ చూసి, "పైన పడుకోబెట్టారా?" అంది జాలిగా.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. మా ఆయన కవరు చంకలో పెట్టుకుని, రెండేసి మెట్లు దిగుతూ వచ్చారు. వస్తూనే మొదలుపెట్టారు.

"కవరు డాక్టరుగారి బల్ల మీద లేదు, పక్క గదిలో పెట్టారట, అక్కడి నర్సేమో నాలుగో అంతస్తుకి పంపానంది, అక్కడికెళ్తే ఇంకా రాలేదన్నారు, తీరా మళ్ళీ కిందికొచ్చి చూస్తే ఆవిడ చేతి కిందే ఉంది, నువ్వేమో ఇక్కడ తీరిగ్గా కబుర్లలో పడ్డావు, అమ్మాయి గేటు దగ్గర ఎండలో నిలబడి ఉంటుంది, లే."

ఎక్కడా ఆగలేదు. ఒక్క గుక్కలో అన్నారు.

"ఈయనేనా?" అంది ఆవిడ.

"ఈయనే," అన్నాను.

ఆవిడ ఫైలు నా ఒళ్ళో పెట్టేసి లేచింది. మా ఆయన్ని చూపించడానికి, గబగబా కిటికీ దగ్గరికి వెళ్ళి వాళ్ళాయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.